సాంటా క్లారా కౌంటీలో మనవాళ్లు ఏ ఊళ్లో ఎక్కువ?

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మేముండే వీధిలో పదహారు ఇళ్లున్నాయి. వాటిలో తొమ్మిది ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఆ తొమ్మిదింటిలోనూ ఐదిళ్ల పిల్లలు కాలిఫోర్నియాలోని ఒకే ఒక్క కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దానిలో, ఉన్నారు. అయినా ఏ తల్లిని అడిగినా "మావాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడండీ" అనే చెబుతుంది. వాళ్లుండేది శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా, అఖాతం కొసన ఉన్న సాంటా క్లారా కౌంటీలో. ఆ కౌంటీలోని పెద్ద ఊరైన శాన్ హోసేకూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ మధ్య డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరముంది. వికారాబాద్‌లో కాపురముంటున్నవాణ్ని హైదరాబాద్‌లో ఉన్నాడని చెప్పుకోవడం ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

మా వెనక ఇంటివారి అమ్మాయికి ఆ కౌంటీలో ఉద్యోగం వచ్చింది. వాళ్లమ్మ ఒకనాటి సాయంత్రం వచ్చి, "టీచరు గారూ, మీరు అక్కడ ఆరు నెలలుండి వచ్చారు కదా, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊరేదో చెప్పండి, పిల్ల అక్కడే ఇల్లు చూసుకుంటుంది" అని అడిగింది. నేను క్షణం ఆలోచించకుండా "కూపర్టినో" అనేశాను. ఆమె ఆ పేరును కాగితం మీద రాయించుకుని మరీ వెళ్లింది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కల పాఠాలు చెప్పి, శాతానికీ సంఖ్యకూ తేడా తెలియని పిల్లలను ఎండలో నిలబెట్టకపోయినా కనీసం బల్ల మీద నిలబెట్టిన నేను, అదే తప్పు చేశానని ఆ రాత్రి నిద్రపట్టక తెలుసుకున్నాను.

2010 జనాభా లెక్కల ప్రకారం కూపర్టినో జనాభా 58,302. అందులో భారతీయుల వాటా 22.6 శాతం, అంటే సుమారు 13 వేల మంది. అదే లెక్కలో శాన్ హోసే జనాభా 9,45,942, అక్కడ మనవారు నూటికి 4.6 మంది మాత్రమే. వాటా చూస్తే కూపర్టినో ముందు శాన్ హోసే నిలవదు. కానీ తొమ్మిదిన్నర లక్షలలో 4.6 శాతమంటే 43 వేల పైమాటే, కూపర్టినోలో ఉన్నవారికి మూడు రెట్లకు మించిన సంఖ్య. వెనకింటావిడ అడిగిన ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయి. వీధిలో ఎదురైన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు మనవారై ఉండాలంటే కూపర్టినో. లెక్కకు ఎక్కువమంది మనవారున్న ఊరు కావాలంటే శాన్ హోసే. ఈ రెంటి నడుమ సన్నీవేల్ ఉంది. లక్షా నలభై వేల జనాభాలో పదిహేను శాతం పైచిలుకు మనవారుండడం వల్ల అది రెండు విధాలా రెండో స్థానానికి తగినదే.

మరొక విధంగా చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఆ ఏడాది కౌంటీ మొత్తం మీద భారతీయులు లక్షా 17 వేల పైచిలుకు. కౌంటీ జనాభాలో శాన్ హోసేది సగానికి పైగా వాటా కాగా, కౌంటీలోని భారతీయులలో దాని వాటా నూటికి 37 దాకానే. కూపర్టినో కౌంటీ జనాభాలో నూటికి మూడు పైచిలుకే అయినా, కౌంటీలోని భారతీయులలో నూటికి పదకొండుగురు అక్కడే ఉన్నారు. దక్షిణపు కొసన వెల్లుల్లి పంటకు పేరుమోసిన గిల్‌రాయ్, దానికి ఎగువన ఉన్న మోర్గన్ హిల్ వైపు మనవారు పలచబడిపోతారు. పడమటి కొండల అంచున ఉన్న లాస్ ఆల్టోస్ హిల్స్‌లో ఒక్కో ఇంటికి కనీసం ఎకరం స్థలముండాలన్న నియమముంది గనుక అక్కడ మనవారే కాదు, ఎవరూ ఎక్కువగా ఉండరు. కౌంటీలోని పదిహేను ఊళ్లనూ వరసగా చెప్పుకుంటూ పోవడం అనవసరం. వాయవ్యాన మౌంటెన్ వ్యూ నుంచి సన్నీవేల్, సాంటా క్లారా నగరం, కూపర్టినో మీదుగా శాన్ హోసే పడమటి భాగం వరకు, అటు ఈశాన్యాన మిల్‌పిటస్ వరకు ఒక గీత గీస్తే, ఆ గీత చుట్టూనే ఈ కథ నడుస్తుంది.

ఈ శాతాల వెనక ఊరి ఎల్లల కథ ఒకటుంది. శాన్ హోసే శాతం తక్కువగా కనిపించడానికి అక్కడ వియత్నాం నుంచి వచ్చినవారు పదవ వంతుకు పైగా, స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు మూడవ వంతు ఉండడం ఒక కారణం. ఆ ఊరు అంత పెద్దది కావడం మరొక కారణం. 1950లో 95 వేల జనాభా ఉన్న ఆ ఊరికి నగర మేనేజరుగా వచ్చిన డచ్ హామన్, 1969లో దిగిపోయేదాకా చుట్టుపక్కల తోటలనూ పల్లెలనూ వరసగా నగరంలో కలుపుకుంటూ పోయాడు. తమనూ మింగేస్తారన్న భయంతో చుట్టుపక్కలవాళ్లు గబగబా సొంత పురపాలక సంఘాలు ఏర్పాటు చేసుకున్నారు. మిల్‌పిటస్ 1954లో, కూపర్టినో 1955లో, సారటోగా 1956లో అలా పుట్టినవే. ఆనాడు ఆలూబుఖారా, ఆప్రికాట్ తోటల రైతులు గీసుకున్న గీతలే ఈనాడు మనవాళ్ల శాతాలను నిర్ణయిస్తున్నాయి. కూపర్టినో శాన్ హోసేలో కలిసిపోయి ఉంటే మనం దాని పేరు కూడా విని ఉండేవాళ్లం కాదేమో, మనవాళ్లు మాత్రం అదే వీధుల్లో ఉండేవారు. హైదరాబాదువారికి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. 2007 ఏప్రిల్‌లో కూకట్‌పల్లితో సహా పన్నెండు పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేసిన నాడు, మా వీధి ఇళ్లలో ఒక్కటీ కదలలేదు, కానీ రాత్రికి రాత్రే మేమందరం హైదరాబాద్ నగర జనాభాలో చేరిపోయాము.

లెక్కలో ఎవరు చేరతారన్నది కూడా చూసుకోవాలి. 1991లో మూసాపేటలో ఇల్లిల్లూ తిరిగి జనాభా లెక్కలు రాసినదాన్ని గనుక నాకు ఇది పట్టింపు. అమెరికా లెక్కల్లో మనకొక గడి దొరకడానికి చాలా కాలం పట్టింది. 1920 నుంచి 1940 వరకు మూడు లెక్కల్లోనూ మనవారిని "హిందూ" అన్న జాతిగా రాసుకున్నారు. ఆనాడు కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసినవారిలో ఎక్కువమంది సిక్కులైనా వారికీ అదే పేరు. 1970లో తెల్లవారితో కలిపి లెక్కించారు. అక్కడి మనవారి సంఘాలు అడగ్గా అడగ్గా 1980లో "ఏషియన్ ఇండియన్" అన్న గడి ప్రత్యేకంగా వచ్చింది. ఏషియన్ అన్న విశేషణం ఎందుకంటే, ఉత్త ఇండియన్ అంటే ఆ దేశంలో మొదటినుంచీ ఉన్నవారు మరొకరున్నారు. అలా మొదలైన గడి 2020 నాటికి 43,97,737 మందితో, ఒకే గుర్తింపు రాసిన ఆసియావారిలో చైనీయులను దాటి మొదటి స్థానానికి వచ్చింది.

ఆ గడిలో పౌరులు, గ్రీన్ కార్డువారు, హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారు, చదువుకునే పిల్లలు, అక్కడే పుట్టిన మనవలు అందరూ ఉంటారు. ఏప్రిల్ 1 నాటికి మామూలుగా ఎక్కడ కాపురముంటున్నారన్నదే కొలమానం తప్ప ఏ వీసా మీద ఉన్నారన్నది వాళ్లు అడగరు. మనవణ్ని ఎత్తుకోవడానికి విజిటర్ వీసా మీద వెళ్లి ఆరు నెలలుండి వచ్చే నాలాంటి అమ్మమ్మలూ నానమ్మలూ మాత్రం లెక్కలోకి రారు. సన్నీవేల్ పార్కుల్లో సాయంత్రం పూట చీరలు, పంచెలు చూసి ఈ ఊరంతా మనవాళ్లేనని నిర్ణయించుకునేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, అక్కడ బెంచీల మీద కూర్చున్నవారిలో చాలామంది ఆ లెక్కలో లేనివారు.

ఇక వెనకింటావిడ "మనవాళ్లు" అన్నది భారతీయులను ఉద్దేశించి కాదు, తెలుగువారిని ఉద్దేశించి. పదేళ్లకోసారి జరిగే లెక్కల్లో భాష అడగరు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది 2005 నుంచి పూర్తిస్థాయిలో ఏటేటా జరుగుతున్న మరొక సర్వేలో అడుగుతారు, ఆ సర్వే కొన్ని ఇళ్లను ఎంచుకుని చేసేది. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని, పెద్ద భాషలన్నిటిలో అదే అత్యంత వేగమని మనమంతా వాట్సాప్‌లో పంచుకున్న సంగతి ఆ సర్వే నుంచి వచ్చినదే. దేశం మొత్తానికి అది నమ్మదగిన సంఖ్యే, కానీ ఒక చిన్న ఊరిలో తెలుగు ఇళ్లెన్నని అడిగితే ఎంచుకున్న ఇళ్లు మరీ కొద్దివి కావడం వల్ల జవాబు అటూ ఇటూ ఊగుతుంది. పైగా 65 వేల జనాభా దాటిన ఊళ్లకే ఏ ఏడాదికా ఏడాది పూర్తి అంకెలు ఇస్తారు. కూపర్టినో జనాభా 2020లో 60,381. అంటే మనవాళ్ల ఊరని పేరుపడ్డ ఊరికే ఏడాది లెక్క రాదు, ఐదేళ్ల సగటుతో సరిపెట్టుకోవాలి.

అసలు మనవాళ్లు ఈ ఊళ్లలోనే ఎందుకు కుదురుకున్నారన్న విషయంలో మా వీధిలో ఒక స్థిరమైన అభిప్రాయముంది. గుడి ఉన్నచోట, పప్పులూ ఉప్పులూ దొరికేచోట మనవాళ్లు చేరతారని అంటారు. నాకది తలకిందులుగా కనిపిస్తుంది. సన్నీవేల్ హిందూ దేవాలయమైనా, ఎల్ కామినో రియల్ అనే పెద్ద రోడ్డు పొడవునా ఉన్న మన కిరాణా దుకాణాలైనా, దోసెల హోటళ్లైనా జనం చేరిన తర్వాత వచ్చినవే. ఆ ప్రాంతంలో మనవారికి పెద్దదిక్కుగా నిలిచిన శివవిష్ణు ఆలయం పక్కనున్న అలమీడా కౌంటీలోని లివర్‌మోర్‌లో ఉంది, సన్నీవేల్ నుంచి వెళ్లిరావడానికి సగం రోజు పడుతుంది. గుడే ఊరిని నిర్ణయించేదైతే సాంటా క్లారా కౌంటీ ఎప్పుడో ఖాళీ అయ్యేది.

మొదట లాగేది ఆఫీసు. కూపర్టినోలో యాపిల్, మౌంటెన్ వ్యూలో గూగుల్, సాంటా క్లారాలో ఇంటెల్, ఎన్విడియా, శాన్ హోసేలో సిస్కో ఉన్నాయి. వీటన్నిటి నడుమ, అన్నిటికీ అరగంట దూరంలో, అద్దె అపార్ట్‌మెంట్లు విరివిగా ఉన్న ఊరు సన్నీవేల్. ఏ కంపెనీలో ఉద్యోగం మారినా ఇల్లు మారనక్కరలేని ఊరది. హెచ్1బి మీద ఉన్నవారికి అదెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000 మాత్రమే. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి ఉంది గనుక మనవారి వరస ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. రేపటి మాట తెలియనివాడు కోటాను కోట్లు పోసి ఇల్లు కొనడానికి వెనుకాడతాడు, అద్దెకుంటాడు. మా అల్లుడు పదకొండేళ్లు సన్నీవేల్‌లో మూడు అపార్ట్‌మెంట్లు మారాడు, మూడూ ఒకే రోడ్డు మీదివే. 2015 మేలో, హెచ్1బివారి కుటుంబాలకిచ్చే హెచ్4 వీసా మీద ఉన్న భార్యలలో కొందరికి పనిచేసే అనుమతి వచ్చాక రెండు జీతాల ఇళ్లు పెరిగాయి, సొంత ఇంటి ఆలోచన అక్కడినుంచి మొదలైంది.

తర్వాత లాగేది బడి. ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది, బడుల పరిధికి ఊరి ఎల్లతో సంబంధం లేదు. కూపర్టినో ప్రాథమిక బడుల డిస్ట్రిక్టు, అంటే బడుల పాలనా విభాగం, ఆ ఊరితో పాటు సన్నీవేల్, శాన్ హోసే, సాంటా క్లారా, సారటోగా, లాస్ ఆల్టోస్‌లలోని కొన్ని భాగాలకూ విస్తరించి ఉంది. హైస్కూళ్ల డిస్ట్రిక్టు పేరు ఫ్రీమాంట్ యూనియన్, దాని కార్యాలయం సన్నీవేల్‌లో. అందరూ కలలుగనే మోంటా విస్టా స్కూలు కూపర్టినోలో ఉంది, దానికి తీసిపోని లిన్‌బ్రూక్ స్కూలు శాన్ హోసే పడమటి భాగంలో ఉంది. అందుచేత ఒక వీధికి ఇటుపక్కవారు ఒక బడికీ అటుపక్కవారు మరొక బడికీ వెళ్లడం, ఆ వీధి దాటగానే ఇంటి ధర మారిపోవడం అక్కడ మామూలే. శాన్ హోసే 43 వేలలో ఒక ముఖ్యమైన భాగం ఈ పడమటి అంచున ఉంది. వాళ్ల ఉత్తరాల మీద శాన్ హోసే అనే ఉంటుంది, పిల్లలు చదివేది కూపర్టినో డిస్ట్రిక్టులో, ఎక్కడుంటారని ఫోనులో అడిగితే అమ్మానాన్నలకు కూపర్టినో అని చెబుతారు. శాతాల పట్టికలో ఇలాంటి కాపురం ఏ గడిలో పడిందో చూడకుండా ఊళ్ల మీద తీర్పులివ్వడం నాకు ఇష్టముండదు.

ఫ్రీమాంట్ పేరు చెప్పాను గనుక ఒక మాట. ఆ పేరున్న హైస్కూళ్ల డిస్ట్రిక్టుకూ, మనవారు విరివిగా ఉండే ఫ్రీమాంట్ నగరానికీ ఏ సంబంధమూ లేదు. ఫ్రీమాంట్ నగరం మన కౌంటీ ఎల్లకు అవతల అలమీడా కౌంటీలో ఉంది. అక్కడ కూడా 2010లో మనవారి వాటా 18 శాతం. దాని లోపల మిషన్ శాన్ హోసే అనే పేట ఉంది, అది శాన్ హోసే కాదు. అలాగే ఈస్ట్ పాలో ఆల్టో ఉన్నది పాలో ఆల్టో పక్కనే అయినా కౌంటీ వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకునే మన పిల్లలు అక్కడే ఆవరణలో ఉంటే పాలో ఆల్టో లెక్కలోకి రారు, ఆ ప్రాంతం ఏ ఊరికీ చెందనిదిగా కౌంటీ కిందే ఉంది. ఈ పేర్లను విడదీసి చెప్పేసరికి మా వీధిలో నాకు చాదస్తురాలినన్న పేరు స్థిరపడింది.

మూడోది ఇంటి ధర. 1978లో కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి తెచ్చుకున్న పదమూడో ప్రతిపాదన ప్రకారం ఇంటి పన్ను కొన్ననాటి విలువ మీద ఒక శాతం దగ్గర నిలుస్తుంది, ఆ విలువ ఏటా రెండు శాతానికి మించి పెరగదు, ఇల్లు చేతులు మారినప్పుడే కొత్త ధర లెక్కలోకి వస్తుంది. ఎప్పుడో కొనుక్కున్న పాతకాపులకు అమ్మవలసిన తొందర లేదు, కనుక కూపర్టినోలో అమ్మకానికి వచ్చే ఇళ్లు తక్కువ, వచ్చినవాటికి పోటీ ఎక్కువ. గెలిచినవారు అక్కడ శాతం పెంచుతారు. తక్కినవారు మిల్‌పిటస్‌కో, శాన్ హోసే ఆగ్నేయాన ఉన్న ఎవర్‌గ్రీన్‌కో వెళతారు, లేదా కౌంటీ దాటి ఫ్రీమాంట్, డబ్లిన్, ఇంకా అవతల ఆల్టమాంట్ కనుమ దిగి 2024లోనే నగరమైన మౌంటెన్ హౌస్ దాకా పోతారు. ఉద్యోగం మాత్రం సాంటా క్లారా కౌంటీలోనే, రోజూ రెండేసి గంటలు కారులో. కౌంటీ ఎల్ల లోపల మాత్రమే చూస్తే వీరు కనిపించరు, కానీ ఈ పంపకంలో వీరూ భాగమే.

ఇదంతా చూస్తుంటే నాకు మా కూకట్‌పల్లి కథే గుర్తొస్తుంది. ఎనభైలలో హౌసింగ్ బోర్డువారి ఇళ్లు వచ్చినప్పుడు మధ్యతరగతి ఉద్యోగులం కట్టగలిగిన వాయిదా గనుక ఇక్కడికి వచ్చాము, ఊరిమీద ప్రేమతో కాదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక అదే వీధుల్లో పిల్లలు అద్దెకు దిగారు. తర్వాత పెళ్లిళ్లై, బడుల వేట మొదలై, కొండాపూర్, నల్లగండ్ల అంటూ పడమరకు జరిగారు. ఏ జిల్లావారు ఏ కాలనీలో ఎక్కువని ఇక్కడ చెప్పుకునే మాటలకూ, అక్కడ ఏ ఊరు మనదని చెప్పుకునే మాటలకూ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా మొదట వచ్చిన నలుగురు ఆఫీసును బట్టి దిగుతారు, తర్వాత వచ్చినవారు ఆ నలుగురి ఫోను నంబర్లను బట్టి దిగుతారు.

మర్నాడు వెనకింటావిడ దగ్గరికి నేనే వెళ్లి, నిన్న చెప్పినది తప్పు కాదు గానీ సగమేనని చెప్పాను. పిల్ల ఆఫీసు ఎక్కడని అడిగితే సాంటా క్లారా నగరంలోనని చెప్పింది. కొత్తగా పెళ్లయింది, పిల్లలు లేరు, కారు ఇంకా కొనలేదు. బడి లేనప్పుడు కూపర్టినో అద్దె కట్టడం దండగని, సన్నీవేల్ తూర్పు భాగంలోనో సాంటా క్లారాలోనో ఆఫీసుకు దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోమనమని చెప్పాను. ఆవిడ ఓపికగా విని, "అయితే అక్కడ మనవాళ్లుంటారా, టీచరు గారూ?" అని మళ్లీ అడిగింది. ఉంటారమ్మా అన్నాను. కూపర్టినో అని రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటించి ఉంది, దాని కిందనే సన్నీవేల్ అని కలిపి రాసుకుంది.